గోడ మీద సహజీవనం

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో ఎనిమిదేళ్ళు ఉన్నానంటే చాలామంది నన్ను జైలు నుంచి వచ్చినదాన్ని చూసినట్టు చూస్తారు. ఆ జాలి నాకక్కర్లేదు. నేను జంతుశాస్త్రం చదివినదాన్ని. ఒక ఆవరణ వ్యవస్థను లోపల కూర్చుని ఎనిమిదేళ్ళు గమనించానని చెప్పుకుంటాను. వినడానికి గౌరవంగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు పక్కింటివాళ్ళకి చెప్పుకోవడానికీ బావుంటుంది.

ఆ వ్యవస్థ సంగతి కాస్త చెప్పాలి. జనాభా రెండు విధాలుగా పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది, పుట్టుకల వల్ల, వలసల వల్ల. మా సందులో పుట్టుకలు లేవు. ఇంటి ఓనరు మకాన్ ఆంటీ ఒప్పుకోదు. అంతా వలసే. ఎండలు ముదిరే వేళకి తెలుగు జిల్లాలన్నిటి నుంచీ సివిల్స్ రాయడానికని పిల్లలు దిగుతారు, ఒక చేతిలో కారప్పొడి డబ్బా, ఇంకో చేతిలో ఎవరో టాపర్ రాసిన నోట్సు. ఫలితాలొచ్చిన వారానికి మూడొంతుల మంది రైలెక్కేస్తారు. వాళ్ళు ఖాళీ చేసిన మంచాల మీద దుప్పటి మడత నలగకముందే కొత్తవాళ్ళు సర్దుకుంటారు.

ఒక చోటు ఎంతమందిని మోయగలదో దాన్ని ధారణ సామర్థ్యం అంటారు. మా బిల్డింగు ధారణ సామర్థ్యం మేడ మీది నల్ల ట్యాంకు. అది ఆరుగురికి స్నానం పోస్తుంది. ఆంటీ పద్నాలుగు మందిని పెట్టింది. పుస్తకం ప్రకారం ఇలాంటప్పుడు జనాభా తగ్గాలి. మా దగ్గర స్నానాలు తగ్గాయి.

ఇక మార్పు సంగతి. బీడు నేలలో మొదట గడ్డి వస్తుంది, తర్వాత పొద, ఆ తర్వాత చెట్టు. వచ్చినవాడు తనకంటే వెనక వచ్చేవాడికి చోటు తయారుచేసి తప్పుకుంటాడు. దీన్ని అనుక్రమం అంటారు. నేను వచ్చినప్పుడు మా సందు మొదట్లో పరాఠా బండి ఉండేది. దాని జాగాలో మోమోల బండి వచ్చింది. దాని జాగాలో ఇప్పుడు ఏసీ లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాలుంటాయనుకునేరు! కుర్చీలుంటాయి. కుర్చీకీ కుర్చీకీ మధ్య చెక్క అడ్డం ఉంటుంది. లోపల అందరూ పోటీలో ఉంటారు, ఎవరి మొహం ఎవరికీ కనబడదు. వీళ్ళందరి ప్రాణం మాత్రం మూల మీది జెరాక్స్ షాపులో ఉంటుంది. ఆ ఒక్క షాపు ఒక్కరోజు మూసేస్తే మొత్తం వ్యవస్థ కుప్పకూలుతుంది. అలాంటిదాన్ని కీలక జాతి అంటారు. షాపు భయ్యాకి ఈ మాట చెబితే, "దీదీ, దోనో సైడ్ కర్‌నా హై క్యా?" అని, రెండువైపులా కాపీ తీయాలా అని అడిగాడు.

ఇలా ఎదురుపడ్డ ప్రతివాడినీ ఒక గడిలో పెట్టేదాన్ని. గదులు చూపించే బ్రోకర్లు పరభక్షులు. మెస్సులో పక్కవాళ్ళ పెరుగు కూడా తినేసేవాళ్ళు పరాన్నజీవులు. నన్ను ఏ గడిలో పెట్టాలో మాత్రం ఆలోచించలేదు. ఎదుటివాళ్ళతోనే చేతినిండా పని ఉండేది. నా సివిల్స్ ఛాన్సులు అన్నీ అయిపోయి అప్పటికి రెండేళ్ళు. ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లల జవాబులు దిద్దే పని చేస్తున్నాను. ఎర్రపెన్ను చేతిలో ఉన్నంతసేపు ఓడిపోయిన సంగతి గుర్తుండదు. ఈ రహస్యం దిద్దేవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అలాంటి రోజుల్లో నా గదిలో రెండో మంచానికి ఒక పిల్ల వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లె. వాళ్ళ బాపు గొర్లకాపరి. ఇంటర్ నుంచీ ప్రభుత్వ కాలేజీల్లో తెలుగు మీడియం. సివిల్స్ కూడా తెలుగులోనే రాస్తానంది, అదీ జంతుశాస్త్రం తీసుకుని. నేను పగలబడి నవ్వాను. "పుస్తకాలేవమ్మా తెలుగులో?" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "నువ్వున్నవ్ గద అక్కా," అంది.

ఆ ఒక్క మాటకి పడిపోయాను. రెండేళ్ళుగా నన్ను ఎవరూ అంత పెద్ద పుస్తకం చేయలేదు. ఆ రోజు నుంచి నా ఇంగ్లీషు నోట్సు తిరగేసి తెలుగులో రాసివ్వడం మొదలుపెట్టాను. ఆమె రాసింది దిద్దడం కూడా. నోట్లో నాలుక లేని పిల్ల, ఏం చెప్పినా తలూపేది. జవాబుల్లో మాత్రం ఊరంతా తెచ్చి పోసేది. "గోమార్లు గొర్రె నెత్తురు తాగుతాయి, కానీ గొర్రెను చంపవు, చంపితే వాటికే తిండి లేదు" అని రాసింది ఒకసారి. నాకు గోమారి అంటే అర్థం కాలేదు. మా తెనాలి వైపు దాన్ని పిడుదు అంటారు. ఎర్రగీత కొట్టి పైన "బాహ్య పరాన్నజీవి, అతిథేయి" అని రాశాను. వాక్యం మొత్తం మార్చేశాను. పరాన్నజీవనాన్ని అంత చక్కగా ఒక్క ముక్కలో నేనెప్పుడూ చెప్పలేదన్నది వేరే విషయం. మార్కులు ముక్కలకి రావు, మాటలకి వస్తాయని క్లాసు పీకాను.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల నా చేతిరాతలో ఆలోచించడం నేర్చుకుంది. నాకది మహా గర్వం. ఇంటి నుంచి ఫోన్ వస్తే అన్నం తిన్నదీ లేనిదీ తనే చెప్పేది. అంతకు మించి వాళ్ళ బాపు ఏమడిగినా, పరీక్ష ఎట్లుంటదన్నా, పండక్కి వస్తవా అన్నా, కొత్త చెప్పులు కొనుక్కున్నవా అన్నా, నా వైపు ఒకసారి చూసి "అడిగి చెప్త బాపూ" అనేది. గురుభక్తి అంటే ఇలా ఉండాలి అనుకునేదాన్ని.

ఆ పిల్ల మొదటి మెట్టు దాటింది. మెయిన్స్‌కి పద్దెనిమిది రోజులుంది. "ఈ ఒక్కపారి రాయి బిడ్డా" అని ఒప్పుకుని పంపాడు వాళ్ళ బాపు, అదీ చుట్టాలందరితో మాటలు పడి. ఇప్పుడు రాయకపోతే ఇంకోసారి ఢిల్లీ మొహం చూసే యోగం లేదని ఇద్దరికీ తెలుసు. అందుకని నేను నడుం బిగించి, మంచం ఎదుటి గోడకి ఒక పెద్ద చార్టు అంటించాను. జీవుల మధ్య సంబంధాలన్నీ దాని మీద రాశాను. పోటీ: ఇద్దరికీ నష్టం. పరభక్షణ: ఒకరికి లాభం, ఒకరు హతం. సహభోజకత్వం: ఒకరికి లాభం, రెండోవారికి పట్టదు. అన్నిటికంటే ముఖ్యమైనది కాబట్టి చివరిదాన్ని ఎర్ర స్కెచ్‌పెన్నుతో బారెడు అక్షరాల్లో రాశాను. "సహజీవనం: ఇద్దరికీ లాభమే. కొందరు విడిపోతే బతకలేరు."

దాని కింద చిన్న అక్షరాల్లో ఉదాహరణ: గేదె, కొంగ. కొంగ గేదె ఒంటి మీది పిడుదులను తింటుంది, కొంగకు తిండి, గేదెకు హాయి.

ఇది రాస్తుంటే పక్కన నిలబడి, "అక్కా, కొంగ..." అంది ఆ పిల్ల.

"ఏంటి?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే మధ్యలో మాట్లాడకు, చెయ్యి వణుకుతుంది," అన్నాను.

ఆ సాయంత్రమే వాళ్ళ బాపు ఫోన్ చేశాడు. ఎవరో కొత్త ఫోన్ ఇప్పించారట, మొదటిసారి వీడియో కాల్. పిల్ల సంబరంగా గోడకి వీపు పెట్టి కూర్చుంది. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. ఫోన్‌లో ఆయనకి కనబడిందేమిటయ్యా అంటే, కూతురి తల, తల పక్కనే ఎర్ర అక్షరాలు. "సహజీవనం: ఇద్దరికీ లాభమే. కొందరు విడిపోతే బతకలేరు." గేదె, కొంగ రెండూ ఆ పిల్ల జడ వెనక దాక్కున్నాయి.

తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాఠ్యపుస్తకంలో సహజీవనం అంటే నాచూ బూజూ కలిసి బతకడం. పేపర్లో జిల్లా పేజీలో సహజీవనం అంటే పెళ్ళి కాకుండా ఒక ఇంట్లో ఉండటం, ఆ వార్త చివర పోలీసులు కూడా ఉండటం. ఆయన చదివేది జిల్లా పేజీ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నది నాకు ఉల్లిపాయల దగ్గరికి వినబడింది. స... హ... జీ...

"గదేంది బిడ్డా, గోడకు రాసిపెట్టుకున్నవ్?" అన్నాడు.

పాఠం అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ పిల్ల అలవాటు కొద్దీ నా వైపు చూసింది. నేను కళ్ళు మండి కళ్ళు మూసుకున్నాను. అప్పుడా మహాతల్లి తండ్రితో ఏమందో తెలుసా?

"అడిగి చెప్త బాపూ."

కొంప మునిగిందని నాకు అర్థమయ్యేలోపు ఫోన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్న మకాన్ ఆంటీ కింద నుంచి కేకేసింది. "అరీ ఓ మద్రాసీ! లడ్కీ కా బాప్ ఆయా హై!" ఇన్నేళ్ళయినా నా ఊరు మద్రాసు అనే ఆంటీ నమ్మకం. ఆ రోజు దిద్దే ఓపిక లేకపోయింది.

పిల్ల వాళ్ళ బాపు నాలుగంతస్తులూ ఎక్కి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల, చేతిలో కర్ర. ఆ కర్రతో రైల్లో ఎలా కూర్చున్నాడో ఆ పెట్టెలోవాళ్ళకే తెలియాలి. మంచినీళ్ళిస్తే తాగలేదు. గది నాలుగు మూలలా చూశాడు. తలుపు వెనక చూశాడు. తీగ మీద ఆరేసిన చొక్కాలు కర్రతో చూపించాడు.

"గీ అంగీలు ఎవలియి?"

"నావే అంకుల్," అన్నాను.

"మొగోని అంగీలు."

"మా తమ్ముడివి. నేనే వేసుకుంటాను."

నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "నువ్వు సరే. గా ఇంకొకడు ఏడి?"

పిల్ల మధ్యలోకి వచ్చింది. "బాపూ, గది పాఠం..." అని మొదలుపెట్టింది.

"నువ్వుండు, నేను చెప్తాను," అన్నాను.

చెప్పాను. అబ్బో, ఎంత బాగా చెప్పాననుకున్నారు! ఆ సహజీవనం వేరు, ఈ సహజీవనం వేరని మొదలుపెట్టి, రాయి మీద శిలీంధ్రం, శైవలం కలిసి ఎలా లైకెన్ అవుతాయో, ఒకటి నీడా నీరూ ఇస్తే ఇంకొకటి ఆహారం ఎలా చేసిపెడుతుందో, చేతులు తిప్పుతూ పది నిమిషాలు వాయించాను. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని చివరిదాకా విన్నాడు.

"మంచిగనే చెప్పినవ్ బిడ్డా. ఏం సమజ్ కాలే," అన్నాడు.

తర్వాత లేచి చార్టు దగ్గరికి వెళ్ళి మిగతాది కూడా చదివాడు. గేదె దగ్గర ఒకసారి, కొంగ దగ్గర ఒకసారి ఆగాడు. ఇది పాఠమేనని అప్పటికి నమ్మినట్టే ఉన్నాడు, కర్ర గోడకి ఆనించాడు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు అన్నాడు కూతురితో:

"సదురుకో బిడ్డా. రేపు పొద్దుగాల రైలున్నది."

"బాపూ, పరీక్ష..."

"గోడ సంగతి ఇడిసిపెట్టు. మొగోడు లేడు, మంచిది. గని ఏడాది సంది ఏమడిగినా అడిగి చెప్త అంటున్నవ్. చెప్పులు కొనుక్కున్నవా అంటే గది గూడ అడిగి చెప్త. నా బిడ్డ ఎవల్నడుగుతాందో సూద్దామని అచ్చిన." అంటూ నా వైపు చూశాడు. కోపంగా కాదు. మందలోకి ఎక్కడినుంచో వచ్చి చేరిన గొర్రెను చూసినట్టు చూశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏడాదిపాటు నా నిద్ర, నా కళ్ళు, నా నోట్సు పెట్టి తయారుచేసిన పిల్లని, పరీక్ష ముందు, రైలెక్కించి తీసుకుపోతాడట! పైకి అనలేదు. గదిలో ఈ మనిషితో నెగ్గలేనని తెలిసి, "పక్కనే అడవుంది అంకుల్, రండి చూపిస్తాను, మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాను. కాస్త చల్లబరిచి, రెండు మంచి మాటలు చెప్పి, దారిలోకి తెచ్చుకుందామని నా ఎత్తు.

కటవారియా సరాయ్‌ని ఆనుకునే సంజయ్ వన్ ఉంది. పొద్దున్నే ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్ళూ, వాళ్ళని చూసి మొరిగే కుక్కలూ, నెమళ్ళూ ఉంటాయక్కడ. లోపలికి నాలుగడుగులు వేశాడో లేదో ఆయన ఆగిపోయాడు.

"గిది మా సర్కారు తుమ్మ గాదూ!"

"దీన్నిక్కడ విలాయతీ కీకర్ అంటారు అంకుల్. తెల్లదొరల కాలంలో బయటి దేశం నుంచి తెచ్చి నాటారు. ఆక్రమణ జాతి. స్థానిక జాతుల్ని..."

"కాయలు తియ్యగుంటయ్. మేకలు తింటయ్," అన్నాడు ఆయన నా మాట పూర్తికానివ్వకుండా, కర్రతో నేల గీకుతూ. "తిని నాలుగు కోసులు పోయి పెంట ఏస్తయ్. గా పెంటల గింజ మొలుస్తది. మేక పోయినకాడికల్లా తుమ్మ పోతది. దాని కింద గడ్డి మొలవది. గడ్డి లేకుంటె గొర్రెకు మేత లేదు. మా ఊర్ల చెరువు కట్ట కింది బీడంత గిదే పట్టింది. గిప్పుడు గొర్లోళ్ళు తగ్గిన్రు, మేకలోళ్ళు పెరిగిన్రు."

విత్తన వ్యాప్తి, పోటీ, స్థానిక జాతుల తొలగింపు, జనాభాల మార్పు. నా నోట్సులో పదకొండు పేజీలు. ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేశాడు.

వెనక నుంచి ఆ పిల్ల అందుకుంది. "గొర్రె, మేక కొట్లాడుకోవు గద బాపూ. గొర్రె కింద మేస్తది, మేక మీద మేస్తది."

"ఆ. గందుకే రెండూ ఒక్క మందల తోలుతం. ఒకదాని బువ్వ ఇంకోటి గుంజుకోదు."

ఒకే చోట ఉన్న రెండు జాతులు తిండి పంచుకుని పోటీ తప్పించుకోవడం గురించి ఆ పిల్ల చేత నేను మూడుసార్లు రాయించాను. మూడుసార్లూ కొట్టేశాను, ఉదాహరణ సరిగ్గా లేదని. నేనిచ్చిన ఉదాహరణ అమెరికా అడవుల్లోని ఏవో పిట్టలది. ఆ పిట్టల్ని నేనూ చూడలేదు, ఆ పిల్లా చూడలేదు. తెలంగాణలో పుట్టినందుకు ఆ పిల్ల అమెరికా పిట్టల పేర్లు బట్టీ పట్టింది. తండ్రీకూతుళ్ళు తోడేళ్ళ సంగతిలోకి వెళ్ళిపోయారు. తోడేళ్ళు కనబడకుండా పోయాక అడవిపందులు ఎలా మస్తు పెరిగాయో, మక్కచేను ఎలా దున్నేస్తున్నాయో చెప్పుకుంటున్నారు. ఏడాదిలో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. సంతోషించాల్సింది. నాకు కుళ్ళు పుట్టింది. నిజమే చెబుతున్నాను, ఒట్టి కుళ్ళు.

అడవి అంచున, ఎవరివో, నాలుగు బర్రెలు మేస్తున్నాయి. వాటి కాళ్ళ దగ్గర తెల్లకొంగలు. దేవుడు నాకోసమే పంపాడనుకున్నాను.

"అంకుల్, చూడండి, గోడ మీద నేను రాసింది ఇదే! కొంగ ఏం చేస్తుందంటే, గేదె ఒంటి మీది పిడుదుల్ని, అదే మీ గోమార్లని, ఏరుకు తింటుంది. ఇద్దరికీ లాభం. ఇదే సహజీవనం."

ఆయన గొంతుక్కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. బర్రెలు కదిలినప్పుడల్లా కొంగలు కదులుతున్నాయి. చాలాసేపు చూశాడు.

"కొంగ గోమార్లు తింటదా?" అన్నాడు.

"తింటుంది అంకుల్."

"నువ్వు సూసినవా?"

"పుస్తకంలో..." అన్నాను. ఏ పుస్తకమో గుర్తు రాలేదు.

"యాబై ఏండ్ల సంది నేను సూత్తానే ఉన్న. కొంగ కిందనే సూత్తది. బర్రె నడిస్తె గడ్డిలకెళ్ళి మిడుతలు లేత్తయ్, గవి తింటది. గోమార్లు ఏరుక తినేది గోరింక. కాకి గూడ తింటది. కొంగతోని బర్రెకు లాభం లేదు, నష్టం లేదు. దానికి సోయే ఉండది."

చూశాను. ఇన్నేళ్ళుగా కొంగల్నీ బర్రెల్నీ దాటుకుంటూ తిరిగి, మొదటిసారి చూశాను. ఒక్క కొంగ కూడా తలెత్తి బర్రె ఒంటి వంక చూడలేదు. అన్నీ గడ్డిలోనే పొడుస్తున్నాయి. అంటే అది నా ఎర్ర అక్షరాల సహజీవనం కాదు, పైన చిన్న అక్షరాల్లో రాసిన సహభోజకత్వం. పిల్ల రాసే పరీక్షకి పద్దెనిమిది రోజుల ముందు, గోడకి బారెడు తప్పు అంటించి పెట్టాను.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకు ఎర్క లేదా బిడ్డా? చిన్నప్పటిసంది బర్రెల ఎంబడి తిరిగినవ్."

"ఎర్కనే బాపూ."

"మరి?"

పిల్ల కాలి బొటనవేలితో మట్టి గీకింది. "అక్క చెప్పిందని... గట్లనే రాసిన. రెండు టెస్టులల్ల రాసిన."

ఆ టెస్టులు దిద్దింది నేనే. రెండింటికీ పూర్తి మార్కులు వేశాను. పక్కన "గుడ్" అని కూడా రాశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. లేచి తువ్వాలతో మోకాళ్ళు దులుపుకున్నాడు.

"బిడ్డా, పరీక్ష రాస్తవా, ఇంటికొస్తవా?" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది.

"అటు సూడకు," అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "ఆడ పరీక్షల అక్క ఉంటదా? తెలిసిన ముచ్చట గూడ తెల్వదని రాసొస్తె, గా పరీక్ష ఎందుకు? బర్రెలను నువ్వు సూసినవ్. చెప్పు."

ఎంతసేపో నిలబడింది. తుమ్మచెట్ల మీద నెమలి ఒకటి అరిచింది. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, రాస్తానని చెప్పు, చెప్పవే పిచ్చిమొహమా, అని. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఏడాదిలో ఆ పిల్లకి నేను చేసిన అసలు సాయం అదొక్కటే అయి ఉంటుంది.

"రాస్త బాపూ," అంది.

"గీ అక్క కాడనే ఉంటవా?"

ఈసారి అంతసేపు పట్టలేదు. "లేదు బాపూ. బేర్ సరాయ్‌ల మా కాలేజోళ్ళు ఉన్నరు. ఆడికి పోత."

నా ఎదుటే అంది. నేను వినకూడదని గొంతు తగ్గించలేదు, నేను నొచ్చుకుంటానని సర్దిచెప్పనూ లేదు. నోట్లో నాలుక లేని పిల్ల అన్నాను కదూ. నాలుక ఉంది. నేనే దాని మీద కూర్చున్నాను.

దారి పొడవునా లోలోపల తండ్రినీ కూతుర్నీ తిట్టుకుంటూ నడిచాను. కృతజ్ఞత లేని మనుషులనుకున్నాను. నేను లేకపోతే ఒక్క పేజీ తెలుగులో దొరికేదా అనుకున్నాను. గది మెట్లెక్కుతుంటే మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది, రాకపోయినా బాగుండేది. ఆ పిల్ల వెళ్ళిపోతే ఆ పిల్లకేం కాదు. ఎక్కడో ఒకచోట ఉంటుంది, చదువుకుంటుంది. మరి నేను? పొద్దున్న లేచి ఎవరికి చెప్పను, ఎవరిని దిద్దను, నన్ను చూసి తలూపేదెవరు? ఏడాదిపాటు ఎవరు ఎవరి నెత్తురు తాగి బతికారో, నాకు తెలిసిన ఎర్రపెన్ను పదాల్లో కూడా చెప్పగలను. చెప్పను. అంత మంచిదాన్ని కాను.

పరీక్ష రాసింది. ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడు వాళ్ళ బాపే మళ్ళీ రాయమన్నాడట, వచ్చింది, తెలుగులోనే. ఈ సంగతి జెరాక్స్ షాపు భయ్యా చెబితే తెలిసింది. బాధ పడ్డానా, ఆనందపడ్డానా అంటే రెండూ పడ్డాను, బాధ ముందు పడ్డాను.

సామాను సర్దుకున్నది మాత్రం అడవి నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నమే. ఒక ట్రంకుపెట్టె, ఒక బకెట్టు, పరుపు చుట్ట. నడిచే దూరమే కానీ పరుపుతో నడవలేరని ఆటో పిలిచారు. నేనూ కిందికి దిగాను. ఆయన ముందు పెట్టె ఎక్కించి, నాకు రెండు చేతులూ జోడించాడు. "బిడ్డకు మంచిగనే జేసినవమ్మా. కడుపుల పెట్టుకోకు," అన్నాడు. నేను కింద మిగిలిన బకెట్టు తీసి ఆయన చేతికిచ్చాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని "పోయొస్త అక్కా" అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకూ వచ్చాయి, దాచుకోలేదు.

ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక, ఎక్కడికని ఆటోవాడు వెనక్కి తిరిగి అడిగాడు. "కహా జానా హై, దీదీ?"

ఆ పిల్ల తల నా వైపు తిరిగింది. పాపం, ఏడాది అలవాటు. సగం దాకా తిరిగి ఆగింది. మళ్ళీ ముందుకు తిరిగి, వచ్చీరాని హిందీలో, "బేర్ సరాయ్ జానా హై భయ్యా, పోస్టాఫీస్ కే పాస్," అంది.

బేర్ సరాయ్‌లో పోస్టాఫీసు ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అడిగి ఉంటే ఏదో ఒకటి తప్పే చెప్పి ఉండేదాన్ని. అయినా ఆ ఒక్కసారి నన్ను అడిగి ఉంటే బాగుండేదని అక్కడే, ఆ సందు మధ్యలో నిలబడి, ఏడ్చాను.